చిల్పూర్‌కు 72 అక్షరాల చిరునామా

జనగామ జిల్లా చిల్పూర్ పేరుకు యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు చాలు: చ, గుడి, ల, పొల్లు, ప, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు. తెలుగు లిపిలో ఆ పేరున్న పేజీని ఎవరైనా తెరిస్తే వెబ్ సర్వర్ తన యాక్సెస్ లాగ్‌లో రాసుకునే తీరు వేరు. సంకేతానికి మూడు బైట్లు, బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు, వెరసి 72. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. పొల్లు తీసి 'చిల్పూరు' అని రాశామా, ఆ 72లో మారేది చిట్టచివరి అక్షరం ఒక్కటే. మనకు ఒకటే ఊరు, సర్వర్‌కు రెండు.

ఈ లాగ్ వరస 1990ల తొలినాళ్లది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ 1993లో రాసిన సర్వర్ కాలానికి స్థిరపడింది. పహాణీలో గడుల్లా ఏడు గడులు: ఎక్కడి నుంచి అడిగారు, గుర్తింపు, వాడుకరి పేరు, సమయం, ఏం అడిగారు, ఫలితం సంఖ్య, ఎన్ని బైట్లు. రెండో గడి పుట్టినప్పటినుంచీ దాదాపు ఖాళీయే, అడ్డగీత తప్ప అందులో ఏమీ కనిపించదు. అయినా ఎవరూ తీసేయలేదు. మెక్‌కూల్ 1994లో ఎన్‌సీఎస్‌ఏ వదిలి వెళ్లాక, ఆ సర్వర్‌ను వాడుతున్నవాళ్లు ఎవరి మరమ్మతులు వాళ్లు చేసుకుంటూ చివరికి ఒకచోట చేరారు. 1995లో అపాచీ వచ్చింది అలాగే.

అదే సంవత్సరం జూన్‌లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన పీహెచ్‌పీ అసలు దేనికి పుట్టిందో నేటి ప్రోగ్రామర్లలో చాలామందికి తెలియదు. వెబ్‌లో పెట్టుకున్న తన రెజ్యూమేను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో రాసుకున్న చిన్న ప్రోగ్రాముల మూట అది. పేజీని అప్పటికప్పుడు తయారుచేసే భాష, వచ్చినవాళ్ల లెక్క రాసే పని ఒకే కడుపున పుట్టాయన్నమాట. తర్వాతి చరిత్ర అంతా ఆ రెండూ వేరుపడిన కథగానే నాకు కనిపిస్తుంది.

మొదట్లో సీజీఐ పద్ధతి. ప్రతి అభ్యర్థనకూ కొత్త ప్రాసెస్ పుట్టి, పని ముగించి పోయేది. రద్దీ పెరిగితే సర్వర్ కుదేలు. అందుకే భాషనే సర్వర్ కడుపులో పెట్టారు: 1996లో పెర్ల్ మాడ్యూల్, ఆ వెంటే పీహెచ్‌పీ మాడ్యూల్. వేగం వచ్చింది, దాంతోపాటే తగాదాలూ వచ్చాయి. కాన్ఫిగ్ ఫైలులో మాడ్యూల్‌ను ఎక్కించే ఒక్క వరుస మరిచిపోతే పేజీకి బదులు కోడ్ మొత్తం బ్రౌజర్‌లో బట్టబయలయ్యేది, డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా. అపాచీ, పీహెచ్‌పీలను కలిపిచ్చే జాంప్ పెట్టుకుని అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. తమాషా ఏమిటంటే, యాక్సెస్ లాగ్ దాన్ని కూడా 200 అనే రాస్తుంది. 200 అంటే అంతా సవ్యం.

తెలుగు వికీపీడియాను వెన్న నాగార్జున 2003 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లది అన్నట్టు ఉండేవి. తెలుగు పేజీలున్నా వాటి చిరునామాలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే. వికీలో పేజీ పేరే చిరునామా కావడంతో యూనికోడ్ తెలుగు సర్వర్ లాగ్‌లలోకి బారులుతీరి దిగింది. శాతం గుర్తులు లేకుండా ముడి బైట్లే వస్తే అపాచీ 2.0.46 నుంచి వాటిని వెనుకగీత, ఎక్స్‌లతో మార్చి రాస్తుంది. అప్పుడు 72 కాస్తా 96 అవుతుంది. లాగ్‌ను దొంగరాతల నుంచి కాపాడటానికి పెట్టిన నియమం అది. తప్పుపట్టలేం.

మన ఊళ్ల పేజీల పాఠకుల లెక్క తప్పింది వేరేచోట. వికీ నడిచేది అపాచీ, పీహెచ్‌పీల మీదే అయినా వాటి ముందు క్యాష్ సర్వర్లు నిలబడ్డాయి. చదివేవాళ్లలో ఎక్కువమందికి జవాబు అక్కడే దొరికేది, వెనుక సర్వర్ లాగ్‌కు వాళ్లు వచ్చిన సంగతే తెలియదు. 2007 డిసెంబరు నుంచి వికీ సర్వర్లు చూసుకునే డొమాస్ మిటుజాస్ క్యాష్ లాగ్‌ల నుంచి గంటగంటకూ పేజీల లెక్కలు ప్రకటించాడు. గొప్ప పనే. కానీ ఆ లెక్కల్లో పేజీవారీగా మొబైల్ పాఠకులు చేరలేదు. 2014లో కొత్త లెక్క మొదలయ్యేదాకా, పల్లెలో ఫోన్‌లో చదివినవాడు ఆ పట్టీలో లేనివాడే. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా ఏర్పడేనాటికి గానీ లెక్క ఒక దారికి రాలేదు. ఇప్పటికీ దారిమార్పు పేజీ పెట్టినంత మాత్రాన చిల్పూర్, చిల్పూరు కలిసిపోవు. ఏ పేరుతో అడిగితే ఆ పేరు ఖాతాలోనే పడుతుంది.

2010 తర్వాత భాష, లాగ్ విడిపోవడం పూర్తయింది. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఎంజిన్‌ఎక్స్ సర్వర్ ముందుకొచ్చింది. పీహెచ్‌పీ 5.3.3తో ఎఫ్‌పీఎం అనే ప్రాసెస్ నిర్వాహకం చేరి, భాష వేరే ప్రాసెస్‌గా వెళ్లిపోయింది. లాగ్ ఒకచోట, తప్పు ఇంకోచోట. స్క్రిప్టు ఫైలు పేరు పంపే ఒక్క పరామితి కాన్ఫిగ్‌లో తప్పిపోతే తెరమీద తెల్ల కాగితం, లాగ్‌లో నిక్షేపంగా 200. అలాంటప్పుడు ఫలితం సంఖ్యను నమ్మకుండా పక్కగడిలో బైట్లు చూసినవాడే గట్టెక్కుతాడు. ముందు ప్రాక్సీ ఉంటే మొదటి గడిలో అందరిదీ ఒకే ఐపీ. దానికి మందుగా అపాచీ 2.4లో 2012లోనే ఒక మాడ్యూల్ వచ్చింది. విండోస్ ఐఐఎస్‌లో తిప్పలు మరోరకం. దాని లాగ్ గ్రీనిచ్ సమయంలో ఉంటుంది కనుక జనగామలో పొద్దున పదిన్నరకు వచ్చిన ఫిర్యాదును ఐదు గంటల దగ్గర వెతకాలి. పీహెచ్‌పీ 8 వచ్చాక మాడ్యూల్ పేరులోంచి అంకె తీసేశారు. పాత కాన్ఫిగ్‌లో 7 అలాగే ఉంచినవాళ్లకు సర్వర్ లేవనే లేదు.

గత రెండేళ్లుగా గొడవ మళ్లీ మొదటి గడికే వచ్చింది, అడిగింది మనిషా బాటా అని. తమకు అత్యంత ఖరీదైన రద్దీలో 65 శాతం బాట్లదేనని వికీమీడియా 2025 ఏప్రిల్‌లో చెప్పింది. మనుషుల్లా నటించే బాట్లను ఏరివేసి ఆ ఏడాదే పేజీల లెక్కలను సవరించుకుంది. ఇంగ్లిష్ వికీలో పెద్ద వ్యాసానికి అది చిన్న సవరణ. తెలుగులో నాలుగు వాక్యాల ఊరి పేజీకి మాత్రం నెలకు వచ్చిన పాఠకులంతా ఒక్క బాటే కావచ్చు.