కిల్టుమీది కోటు, పంచెమీది కోటు

చంద్రపురపు పాత కోటగోడకు వెలుపల, బల్లార్షా దిక్కున నున్న బాబుపేట్‌లోని తెలుగు ఇండ్లలో పెండ్లినాడు జరీపంచెమీద కోటు తొడుగుట వింత కాదు. ఆ కోటు లాగుకొఱకు కత్తిరింపబడినది. దానిని పంచెమీద తొడిగినప్పుడు ఎక్కడనో పొసగనట్లు తోచును. దర్జీని నిందింతురు, గుడ్డను నిందింతురు, ఒక్కొక్కప్పుడు పెండ్లికొడుకు దేహమునే నిందింతురు. దోషము వీనిలో దేనియందును లేదు. నడుమునకు చుట్టుకొను వస్త్రమునకును, కాళ్ళకు తొడుగు వస్త్రమునకును ఒకే కోటు ఒదుగదు. ఈ చిక్కును శ్రద్ధగా విచారించి, కత్తెరతో పరిష్కరించినవారు స్కాట్లండులోని హైలాండు కొండసీమవారు. వారి కిల్టుమీది కోటు చరిత్ర తెలుగువారు తెలిసికొనదగినది.

స్కాట్లండువారు ఈ ప్రాంతమునకు అపరిచితులు కారు. 1845లో నాగపురము చేరిన స్టీఫెన్ హిస్లాప్ మతప్రచారకుడే యైనను ఈ సీమ శిలలను, గోండుల భాషను పరిశీలించినవాడు. పిమ్మట చాందాలో స్కాట్లండు ఎపిస్కోపల్ చర్చివారు మిషను నడిపిరి. ఆ పాదిరులు ఇచట కిల్టులు కట్టి తిరిగిరని చెప్పుటకు కాదు. ఆ దేశపు పేరు ఇచటివారికి కొత్త కాదనుటకు మాత్రమే ఈ ప్రస్తావన.

కిల్టు మొదట కుట్టిన వస్త్రము కాదు. పూర్వము హైలాండరులు ధరించినది నాలుగైదు గజముల వెడల్పైన ఉన్నిగుడ్డ. దానికి కుచ్చిళ్ళు పోసి నడుమున తోలుపట్టాతో బిగించెడివారు. క్రింది సగము మోకాళ్ళవరకు వ్రేలాడును. మీది సగము భుజముపై ఉత్తరీయమగును, వానలో ముసుగగును, రాత్రి దుప్పటియగును. 18వ శతాబ్ది పూర్వార్ధమున మీది సగమును విడిచి క్రింది సగమునే కట్టుట ప్రబలెను. ఇనుపకొలిమి నడపిన థామస్ రాలిన్‌సన్ అను ఆంగ్లేయుడు పనివాండ్ర సౌకర్యార్థము దీనిని కల్పించెనని యొక కథ కలదు. ఆ కథను ఒప్పుకొనని స్కాట్లండు పండితులు పెక్కుమంది. ఒప్పుకొనుటకు వారి అభిమానము అడ్డుపడుట సహజమే. ఏమైనను, ఉత్తరీయము తొలగినంతనే దానిక్రింద దాగియున్న పొట్టికోటు లోకమునకు కనబడెను.

ఆ కాలపు చిత్తరువులలో కోటుకూడ టార్టానే, అనగా రంగురంగుల గళ్ళ ఉన్నిగుడ్డయే. కోటు గళ్ళొక తీరు, కిల్టు గళ్ళింకొక తీరు. వంశమునకొక టార్టాన్ అను నియమము 19వ శతాబ్దిలో స్థిరపడినది. కోటు గుడ్డను తఱచుగా ఏటవాలుగా కత్తిరించెడివారు. అందువలన గుడ్డ దేహముతోపాటు సాగును. గళ్ళును వజ్రాకృతిలో కనబడును.

1746లో కల్లోడెన్ యుద్ధమున హైలాండరులు ఓడిపోయిరి. పార్లమెంటువారు వారి కత్తులను మాత్రమేకాక వస్త్రములను గూడ లాగుకొనిరి. 1747 ఆగష్టు 1వ తేదీ నుండి, సైన్యములో కొలువున్నవారు తప్ప పురుషులెవ్వరును కిల్టు కట్టరాదనిరి. టార్టాన్ గుడ్డతో పైకోటు కుట్టించుకొనుటకూడ నేరమనిరి. మొదటి తప్పునకు 6 నెలల చెఱ, మఱల చేసినచో 7 సంవత్సరముల ద్వీపాంతరవాసము. కోటుగుడ్డపై గళ్ళున్నంత మాత్రమున మనుష్యుని సముద్రము దాటించు శాసనము 1782 వరకు అమలులో నుండెను. 35 సంవత్సరములలో ఒక తరము గతించెను. 1822లో నాల్గవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చి తానే కిల్టు కట్టినప్పుడు, సంప్రదాయమును సగము జ్ఞాపకమునుండియు, సగము దర్జీల ఊహనుండియు పునర్నిర్మింపవలసివచ్చెను.

ఇక కుట్టుపని సంగతి. కిల్టు నడుముపైని, ఇంచుమించు నాభియెత్తున నిలుచును. వెనుకభాగమున కుచ్చిళ్ళు; పైన కొంతమేర అవి కుట్టబడి, తరువాత విడివడి ఊగును. నేటి పూర్తి కిల్టునకు సుమారు 8 గజముల గుడ్డ పట్టును. అందు అధికభాగము ఈ కుచ్చిళ్ళకే. ముందుభాగము చదునుగా నుండును. దానిమీద స్పారన్ అను తోలుసంచి వ్రేలాడును. లాగుమీది కోటు పిఱుదులను కప్పునంత పొడవు. దానిని కిల్టుమీద తొడిగినచో వెనుక కుచ్చిళ్ళు నలగును, ముందు సంచి కోటు అంచులను ఎగదన్నును. మనుష్యుడు పొట్టిగా, పీపావలె కనబడును.

కావున దర్జీ మొదట కోటు పొడవు తగ్గించును. అది తేలిక. కష్టము తరువాత వచ్చును. క్రింది జేబులు తుంటియొద్ద నుండుటచే, పొడవు తగ్గినప్పుడు జేబుసంచి కత్తిరింపునకు లోనగును. దానిని పైకి జరుపవలెను, లేదా సంచి తీసివైచి మూతను మాత్రము అలంకారముగా ఉంచవలెను. వెనుక చీలిక పైకి మిగిలియున్నచో కుచ్చిళ్ళమీద నోరు తెఱచినట్లుండును. దానిని మూసి కుట్టవలెను. ముందు అంచులను క్రిందిగుండీనుండి వెనుకకు గుండ్రముగా కోసి సంచికి చోటీయవలెను. అడుగు గుండీ కోతలో పోయినచో పై గుండీల ఎడము సవరింపవలెను. కాజా ఒకమాఱు కోసినది మఱి పూడదు. చివరకు అస్తరును విప్పి, కొత్త అంచునకు సరిగా మడిచి కుట్టవలెను.

కోటు టార్టాన్‌దైనచో ఇంకొక పరీక్ష. సాదా గుడ్డమీద అంగుళములో ఎనిమిదవ వంతు తేడా కనబడదు. గళ్ళగుడ్డమీద అదియే దూరమునుండి కనబడును. క్రింది అంచు గళ్ళవరుస వెంట సాగవలెను. ఎడమ వైపు గుండ్రపు కోత ఏ గడినుండి మొదలైనదో కుడివైపునను ఆ గడినుండియే మొదలు కావలెను. అందుకే నేర్పరి మొదట సుద్దతో గీచి, పొడవు కుట్లు వేసి, తొడిగించి చూచి, అటుపిమ్మటనే కత్తెర పట్టును. ఈ బాధ పడలేకనే కాబోలు, కాలక్రమమున కిల్టుమీద సాదా నల్లకోటో, మోటు ఉన్నికోటో మర్యాద యయ్యెను. సైన్యమునందును ఈ కోత తప్పలేదు. 1914 ప్రపంచయుద్ధమున స్కాట్లండు పటాలముల సైనికులు అందఱితోపాటు తమకిచ్చిన ఖాకీకోటు ముందుమూలలను సంచికి అడ్డురాకుండ గుండ్రముగా కోయించుకొనిరి.

మద్రాసు గళ్ళగుడ్డ ఈ టార్టాన్‌ను చూచి నేసినదేయని కొందఱందురు. ఇది నమ్మదగినది కాదు. హైలాండు పటాలములు మద్రాసు రేవున దిగుటకు నూఱేండ్లకు ముందే కోరమండల తీరపు గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి పరదేశములకు పోయినవి. చీరాల ప్రాంతపు సాలెవారు గళ్ళు నేయుటకు స్కాట్లండునుండి గురువు రానక్కఱలేదు.

తెలుగువానికి, హైలాండరునకు నిజమైన సామ్యము వేఱొకచోట నున్నది. 18వ శతాబ్దిలో కుంఫిణీవారి మద్రాసు సిపాయి ఎఱ్ఱ ఉన్నికోటు తొడిగెను గాని లాగు తొడుగలేదు. నడుమున దట్టి, దానిక్రింద తొడల నడిమివరకు వచ్చు జంఘియా, మోకాళ్ళు నగ్నములు. 1756లో క్లైవుతో బంగాళమునకు పోయిన ఆ సిపాయిలనుబట్టియే ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు వచ్చెను. తెలుగుదేశపు పేరు ఒక ఉద్యోగమునకు పేరయ్యెను. 1803 సెప్టెంబరు 23న నేటి జాల్నా జిల్లాలోని అస్సాయె యుద్ధమున 74, 78 సంఖ్యల హైలాండు పటాలములు మద్రాసు సిపాయి దళములతో కలసి పోరాడెను. భారతదేశపు వేడిలో హైలాండరులు కిల్టు మాని లాగులు తొడిగిన కాలములును కలవు. 1809లో ఆఱు హైలాండు పటాలములకు కిల్టు తీసివేసినప్పుడు 74వది అందులో చేరెను; 78వది నిలుపుకొనెను.

ఇరువురి దుస్తును గూర్చియు పైనుండి ఆజ్ఞలు వచ్చినవి. మద్రాసు సైన్యమున తోలుకుచ్చు గల కొత్త తలపాగా ధరింపవలెననియు, కవాతులో నుదుట బొట్టు, నామము ఉండరాదనియు విధించుట 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిల తిరుగుబాటునకు ముఖ్యకారణమయ్యెను. ఆజ్ఞను వ్రాసినవారికి అది కుట్టుపని. ధరించువారికి కులము, మతము. హైలాండు శాసనమును చేసినవారు వస్త్రము విలువ తెలిసి నిషేధించిరి. మద్రాసు అధికారులు తెలియక మార్చిరి. రెండవదియే ఎక్కువ నెత్తురు కార్చుట గమనింపదగినది.

తరువాతి కాలమున తెలుగుదేశపు వకీళ్ళు, ఉపాధ్యాయులు పంచెను విడువక కోటును గ్రహించిరి. ఇచట కత్తెర హైలాండు దర్జీకి వ్యతిరేకదిశలో నడచెను. కిల్టు కుచ్చిళ్ళు వెనుక. పంచె కుచ్చిళ్ళు ముందు, వెనుక గోచి. కిల్టు కుచ్చిళ్ళు చూపుటకు కుట్టినవి. పంచె కుచ్చిళ్ళు చేతితో పోసినవి, నడుమున దోపినచోట ఉబ్బుగా నుండును. పొట్టికోటు ఆ ఉబ్బును బయటపెట్టును. కావున పంచెమీది కోటు మెడవఱకు మూసి, మోకాళ్ళ దిక్కునకు దిగుట మేలయ్యెను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా నున్నప్పుడు ధరించిన పొడుగుకోటు, పంచె, తలపాగా ఈ పద్ధతికి పరిణతరూపము. ఆ కోటు క్రింద నడుము కనబడదు. కుచ్చిళ్ళు క్రింది భాగమున మాత్రమే జాలువాఱును.

లాగుమీది కోటు ఈ రెంటికి నడుమ నిలిచినది. కిల్టునకు పొడవెక్కువ, పంచెకు తక్కువ. ఎక్కువైనదానిని కోయవచ్చును, తక్కువైనదానికి అంచు మడతలో దాగిన గుడ్డ తప్ప వేఱు ఆధారము లేదు, అదియు ఒకటి రెండు అంగుళములకు మించదు. బాబుపేట్ పెండ్లికొడుకు కోటును సవరించుటకంటె కొత్తగా కుట్టించుటయే యుక్తము. కొలత ఇచ్చుటకు పోవునాడు లాగుతో గాక, పెండ్లినాడు కట్టబోవు పంచెనే కట్టుకొని పోవలెను.