బకావళి పువ్వు

కుంపటి దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, సలి పెడుతున్నది. పువ్వు కత అడిగిండ్రు గదా.

అప్పట్ల హైదర్‌గూడల మనది పెంకుటిల్లు. మా నాయినమ్మ గిట్లనే కుంపటి ముందట కూసునేది. రెండు కండ్లల్ల మోతిబిందు. గొంతు వింటేనే మనిషిని ఆనవాలు పట్టేది. ఆమెకు గులేబకావళి కతంటే పానం. కొడుకును చూసుడుతోటే రాజుకు కండ్లు పోతయి. పరీల దేశంల బకావళి తోట, అండ్ల కొలను, ఆ కొలనుల పూసిన పువ్వు అద్దితేనే చూపొస్తది. తెస్తమని పోయిన నలుగురు అన్నలు దిల్బర్ అనే ఆమె ఇంట్ల పాచికలాడి ఓడి బందీలైతరు. ఎందుకోడిండ్రు? ఆమె పిల్లి నెత్తిన దీపం పెట్టుకొని కూసుంటది. పందెం ఎదురు తిరిగిందంటే తల కదిలిస్తది, నీడ పడుతది, ఎలుకొచ్చి పాచిక దొర్లిస్తది! చిన్నోడు అంగీ చేతిల ముంగిసను దాస్కపోయి గెలుస్తడు. ఈడికొస్తే నాయినమ్మ నా అంగీ చెయ్యి తడిమి చూసేది, ముంగిస ఉన్నదా అని.

రాత్రిపూట ఆమె కండ్లమీద నందివర్ధనం పూలు పెడుతుంటి. సలువ చేస్తదని. 'నా బకావళి గిదేరా' అనేది.

1962ల 'గులేబకావళి కథ' సినిమా వచ్చింది. ఎన్టీ రామారావుదే డైరెక్షన్. పాటలన్నీ మన హనుమాజీపేట సి.నారాయణరెడ్డివి, సినిమాకు ఆయన రాసుడు అదే మొదలు. నాయినమ్మను చెయ్యిపట్టి తీస్కపోయిన. ఆమె చూడలే, విన్నది. 'పువ్వు ఏం రంగురా?' అని చెవుల అడిగింది. రంగుల బొమ్మ కాదాయె. 'తెల్లగున్నదే' అన్న. ఇంటికొచ్చినంక తనే అన్నది: 'పువ్వు నువ్వేడ తెస్తవు గని, దవాఖానకు తీస్కపో.' అంతకుముందు ఆపరేషనంటే వణికేది. దినాలకొద్ది తల కదపకుండ పండుకున్నది. దొడ్డు అద్దాలు పెట్టుకొని ముందుగాల్ల పెరట్లకే పోయి నందివర్ధనం చెట్టు తడిమింది.

పెద్దయినంక చదివిన, ఈ కతను 1722ల బెంగాల్ దిక్కు ఇజ్జతుల్లా ఫార్సీల రాసిండని. నర్మద పుట్టే అమరకంటక్‌ల ఇదే పేరుతోటి పువ్వు పూస్తదని గూడ తెలిసింది. వానకాలం చూస్కొని పోయిన. అల్లం చెట్టోలె ఉంటది, పువ్వు తెల్లగ, సీతాకోకచిలుక రెక్కలోలె. అక్కడోళ్లు దాని అర్కు తీసి కండ్లల్ల ఏసుకుంటరు. అప్పటికి నాయినమ్మ లేదు. వాసన చూస్తుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తెల్లగున్నదే అని ఆనాడు చెప్పింది నిజమే అయింది.

ఒక్కటి ఆకుల చుట్టుకొని తెచ్చిన. తొవ్వలనే నల్లవడ్డది. పారెయ్య బుద్ధిగాలే, ఆమె కండ్లద్దాల డబ్బల పెట్టిన. బీరువల ఉన్నది, ఉండుండ్రి, తెస్త.