ముల్లు చెప్పేది ఒత్తిడే

ఆ పుల్ల పొయ్యిలోకి ఇంకాస్త నెట్టమ్మా. వచ్చే నెల ల్యాబులో చేరుతున్నావు కదా, ఈ ముచ్చట నీకే.

మా రోజుల్లో ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ అంటే నిలువుగా ఉండే పెద్ద స్టీలు డ్రమ్ము. మూత చుట్టూ రెక్కల నట్లు. కాయిల్ మునిగేదాకా నీళ్లు పోసి, మీడియా సీసాలు పెట్టి, నట్లు ఎదురెదురుగా జతలుగా బిగించేవాళ్లం. స్విచ్చి వేశాక ఎయిర్ కాక్ తెరిచే ఉంచాలి. మొదట గాలీ ఆవిరీ కలిసి ఆగి ఆగి బుసకొడతాయి. తర్వాత ఒకటే ధారగా ఆవిరి. అప్పుడే కాక్ మూయాలి. మా సీనియర్ టెక్నీషియన్ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. ఆయన తలూపేదాకా ఎవరూ కాక్ ముట్టుకునేవాళ్లు కాదు.

ఎందుకంత పట్టింపంటావా? గేజీ ముల్లు 15 పౌండ్ల దగ్గర నిలిస్తే లోపల 121 డిగ్రీలు ఉందనుకుంటాం. ఉత్త ఆవిరి ఉంటేనే ఆ లెక్క. సగం గాలి మిగిలిపోతే, అదే 15 పౌండ్లకి వేడి 112 దగ్గరే ఆగిపోతుంది. ముల్లు చూపేది ఒత్తిడి, వేడి కాదు. సీసాలకి అంటించిన టేపు మీద చారలు నల్లబడ్డాయని కూడా నమ్మకు, వేడి తగిలిందనే చెబుతుందది. వేడికి ఓ పట్టాన చావని జియోబాసిల్లస్ స్పోర్ల స్ట్రిప్పు సీసాలతోపాటు పెట్టి, తీశాక ఇంక్యుబేటర్లో ఉంచి చూడు. ఏదీ పెరగకపోతేనే నమ్ము.

ముల్లు సున్నాకి దిగాక కూడా కాసేపు ఆగు. అగార్ పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది, కదిపితే ఒక్కసారిగా పొంగి మొహాన పడుతుంది. లోపల పెట్టేటప్పుడే సీసా మూతలు వదులు చెయ్యి. బ్లీచింగు కలిసినదేదీ అందులో పెట్టకు, విషవాయువు వస్తుంది.

ఇక అద్దం తలుపుల పెట్టెలు. లామినార్ ఫ్లో వడగట్టిన గాలిని నీ మీదికే వదులుతుంది. ప్లేటుకి రక్షణ, నీకు కాదు. టీబీ కళ్లె లాంటిది అక్కడ తెరవకు, దానికి బయోసేఫ్టీ క్యాబినెట్ ఉంది. అది ముందువైపు గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆమ్లాల ఆవిర్లకి ఫ్యూమ్ హుడ్, ఎందుకంటే ఆవిర్లను హెపా ఫిల్టర్ ఆపలేదు. మేం ఊదొత్తి వెలిగించి క్యాబినెట్ అంచు దగ్గర పట్టేవాళ్లం. పొగ లోపలికి వంగాలి. వెనకాల ఎవరైనా విసురుగా నడిస్తే అది బయటికి తిరిగేది. నా కళ్లతో చూశాను. అందుకే మనిషి కదలికని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ముందు జాలీ మీద నోటు పుస్తకం పెట్టినా అంతే.

ఫిల్టరు దగ్గర అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో విను. 1979 ఏప్రిల్లో సోవియట్ దేశంలోని స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో ఒక సైనిక కేంద్రం నుంచి ఆంథ్రాక్స్ స్పోర్లు బయటికి పోయాయి. గాలి వీచిన దారిలో 60 మందికి పైగా చనిపోయారు. చెడిన మాంసం వల్లేనని ఏళ్ల తరబడి నమ్మించారు. 1992లో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ అది సైన్యం తప్పేనని ఒప్పుకున్నాడు. తీసిన ఫిల్టరు తిరిగి పెట్టలేదనీ, ఆ సంగతి రిజిస్టరులో ఎక్కించలేదనీ సోవియట్ జీవాయుధాల విభాగంలో పెద్ద హోదాలో ఉన్న కెన్ అలిబెక్ తర్వాత రాశాడు. ఆ ఊరివాళ్లకి అక్కడ ఫిల్టరొకటి ఉందని కూడా తెలిసి ఉండదమ్మా.

నువ్వు చేరిన రోజే క్యాబినెట్ మీది స్టిక్కరు చూడు. ఏడాదికోసారైనా పరీక్ష జరగాలి. తేదీ దాటిపోయి ఉంటే, పరీక్ష చేయించేదాకా అందులో పని చేయనని మీ ఇన్‌ఛార్జికి మర్యాదగా చెప్పు. రిజిస్టరులో కూడా రాయి.