సామాజిక తనిఖీ: ఊరి ముందుకొచ్చిన సర్కారు లెక్క

ప్రభుత్వం ఒక ఊళ్లో పెట్టిన ఖర్చును ఆ ఊరివాళ్ల ముందే చదివి, అది నిజమో కాదో వాళ్లచేతే చెప్పించడం సామాజిక తనిఖీ. రాజస్థాన్‌లో కూలీల పోరాటంగా మొదలైన ఈ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ వ్యవస్థగా స్థిరపడింది.

ఐఏఎస్ ఉద్యోగం వదిలిన అరుణా రాయ్, నిఖిల్ దే, శంకర్ సింగ్ 1987లో రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రీలో కాపురం పెట్టారు. వాళ్ల చొరవతో 1990 మే 1న భీమ్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. అప్పట్లో కరువు పనులకు వెళ్లిన కూలీలకు కనీస వేతనం దక్కేది కాదు. కొలతల్లో పని తక్కువ తేలిందనేవారు అధికారులు. ఆ కొలతల పుస్తకం, కూలీల హాజరు పట్టీ అయిన మస్టరు రోలు చూపమంటే రహస్యమని తోసిపుచ్చేవారు.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరాణాలో సంఘటన్ మొదటి ‘జన్ సున్వాయీ’ జరిపింది. సంపాదించిన కాగితాలను అందరి ఎదుటా చదివారు. ఇలాంటి బహిరంగ విచారణల్లో మస్టర్లలో దొంగ పేర్లు, పూర్తి కాకుండానే బిల్లులైన పనులు బయటపడ్డాయి. చదువు రానివాళ్లు సైతం పేరు వినగానే ఆ మనిషి పనికొచ్చాడో లేదో చెప్పగలిగారు.

ఇలాంటి కాగితాల నకళ్లు ఇస్తామని 1995లో ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలో ప్రకటించినా ఆ మాట అమలు కాలేదు. దాంతో 1996 ఏప్రిల్‌లో మొదలై బ్యావర్‌లో 40 రోజుల ధర్నా సాగింది. ప్రభుత్వ వ్యవహారాలను తెలుసుకునే హక్కు పౌరులకు ఉందని, అది వాక్ స్వాతంత్ర్యంలోంచే వస్తుందని 1975 నాటి రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కుకు చట్టరూపం ఇవ్వాలన్నదే ఉద్యమం కోరిక. తమిళనాడు 1997లో, రాజస్థాన్ 2000లో చట్టాలు చేశాయి. దేశవ్యాప్త సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది.

అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్, పనులపై సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. చాలా రాష్ట్రాల్లో ఆ సెక్షన్ కాగితానికే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ మాత్రం 2006లోనే తనిఖీలు మొదలుపెట్టి, 2009లో వాటికోసం ప్రత్యేక సొసైటీని నెలకొల్పింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా తన సొసైటీని నడుపుతోంది.

తనిఖీకి కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతను ఎంచి తర్ఫీదు ఇచ్చారు. వాళ్లు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డుతో, తపాలా పాసు పుస్తకంతో సరిచూస్తారు. తవ్విన కుంటను మళ్లీ కొలుస్తారు. కూలీలు చెప్పింది రాసుకుని, ఆ నివేదికను గ్రామసభలో చదువుతారు. తర్వాత మండల కేంద్రంలో అధికారుల సమక్షంలో ప్రజావేదిక జరుగుతుంది. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ మీద ఆరోపణ వస్తే అతను అక్కడే జవాబు చెప్పుకోవాలి. సొమ్ము రికవరీకీ, సస్పెన్షన్లకూ ఆదేశాలు అక్కడినుంచే వెలువడతాయి. ఈ అనుభవం వెన్నుదన్నుగా, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను సంప్రదించి కేంద్రం 2011లో దేశమంతటికీ తనిఖీ నియమాలు తెచ్చింది.

అక్రమం బయటపడినంత తేలిగ్గా డబ్బు వెనక్కి రాలేదు. తేలిన మొత్తంలో వసూలైనది కొద్ది భాగమే. తప్పు పట్టేది ఊరివాళ్లయినా, శిక్ష వేసే అధికారం పాలనా యంత్రాంగం చేతిలోనే ఉండిపోవడం దీనికి ముఖ్య కారణం. కూలి డబ్బులో మోసాన్ని కూలీలు ఇట్టే పట్టగలరు గానీ, సిమెంటు, ఇసుక బిల్లుల్లోది వాళ్ల కంటపడదు. తనిఖీలు పెరిగాక అక్రమాలు ఆ సామగ్రి ఖర్చువైపు మళ్లినట్లు పరిశోధకులు గమనించారు.