స్వీడన్ పేరు, మన క్రియలు

ఉస్మానియా ప్రాంగణం దాటి తార్నాకలో అడుగుపెట్టినవారికి నేడు ‘స్వీడిష్ మసాజ్’ అన్న మాట కొత్త కాదు. ఆ పేరు పెర్ హెన్రిక్ లింగ్ (1776-1839) వలన వచ్చిందని లోకప్రతీతి. ఆయన కవి, కత్తిసాము గురువు. 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం నెలకొల్పాడు. కాని ఆయన నేర్పినది ప్రధానంగా వ్యాయామమే. మర్దన క్రియలను వర్గీకరించి ఫ్రెంచి పేర్లతో వ్యాప్తికి తెచ్చిన ఘనత డచ్చి వైద్యుడు యోహాన్ మెజ్గర్ (1838-1909)దని చరిత్రకారులు పలువురు అంటారు.

ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్ వంటి ఆ పేర్లకు బెదరనక్కరలేదు. అరచేత బారుగా నిమురుట, కండను పట్టి పిసుకుట, వేళ్ళతో ఒత్తి రుద్దుట, చేతి అంచుతో చరచుట, అదిరించుట: ప్రక్రియలు ఈ ఐదే. ముందు నిమిరితే కండరం సడలి తక్కినవాటికి సిద్ధమవుతుంది. బిగువు తగ్గుట, నొప్పికి తాత్కాలికోపశమనం, మనసుకు విశ్రాంతి దీని ఫలాలు; రోగాలను కుదర్చుట కాదు. జ్వరం ఉన్నవారికి, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవారికి తగదు.

1918లో ఉర్దూ మాధ్యమంగా ఆరంభమైన ఉస్మానియాకు శాస్త్రగ్రంథాలను అనువదించి పరిభాష కల్పించేందుకు ప్రత్యేకంగా అనువాదశాఖ ఉండేది. అంతటి శ్రద్ధ తెలుగుకూ దక్కాలి. ఇక్కడ పదాలు కల్పించే శ్రమ కూడా లేదు. తలంటి నలుగుపెట్టే ప్రతి ఇంటా అవి ఉన్నవే.