దుప్పికి తగిన తూటా

వేట గురించి మన భాషలో మాటలకు కొరత లేదు. వల, ఉచ్చు, ఉరి, మాటు, జాడ తీయడం, కాపు కాయడం — ఊరి పెద్దల నోట ఇవన్నీ విన్నవే. దెబ్బ తిన్న జంతువు ఎంతసేపు బాధపడి చచ్చిందన్న మాట మాత్రం నేను విన్నది తక్కువ. తుపాకి వచ్చాక ఈ ప్రశ్నకు ఒక కొలత దొరికింది. అది గొట్టం లోపలి వెడల్పు, అంటే కాలిబర్. ఆ కొలతను ఎవరు, ఎందుకు నిర్ణయించారో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మన దేశంలో చాలాకాలం దాన్ని నిర్ణయించింది మృగం మీద దయ కాదు, మనిషి మీద భయం.

పాతకాలపు తుపాకిమందుకు వేగం తక్కువ. వేగం లేనప్పుడు బరువే దిక్కు. అందుకే సింహళంలో ఏనుగులనూ కణుజులనూ వేటాడిన శామ్యూల్ బేకర్ కాలంలో వేటగాళ్లు లావుపాటి గొట్టాలు, బరువైన సీసపు గుళ్లు వాడారు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగలేని మందు తయారుచేశాక లెక్క మారిపోయింది. గుండు వేగం రెట్టింపయితే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల గొట్టం సన్నబడింది. 1888లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన రైఫిలు కొలత .303, అంటే అంగుళంలో మూడో వంతు కూడా లేదు.

ఇక్కడే మన దేశం ఈ కథలోకి వస్తుంది. 1895లో చిత్రాల్ దండయాత్ర తరువాత, ఈ సన్నని గుండు మనిషి ఒంట్లోంచి చిన్న బెజ్జం చేసి అవతలికి పోతోందే తప్ప శత్రువును ఆపడం లేదని సైనికులు ఫిర్యాదు చేశారు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే గుండు ముక్కు మీది గట్టి లోహపు తొడుగు తీసేసి, మెత్తని సీసాన్ని బయటపెట్టాడు. అది ఒంట్లోకి వెళ్లగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి గుళ్లను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది.

మనుషుల మీద క్రూరమని వెలివేసిన ఆ మెత్తని ముక్కు గుండే వేటలో కరుణ అయింది. ఇందులో వైరుధ్యం లేదు. గాయపడిన సైనికుణ్ణి మోసుకుపోవడానికి మనుషులుంటారు, కట్టు కట్టడానికి వైద్యుడుంటాడు. దుప్పికి ఎవరున్నారు? గట్టి గుండు సన్నగా దూసుకుపోతే అది మైళ్ల దూరం పరిగెత్తి, ఏ పొదలోనో రోజుల తరబడి కుళ్లి చస్తుంది. విచ్చుకునే గుండు తన శక్తినంతా రొమ్ములోనే దించి, గుండెనూ ఊపిరితిత్తులనూ ఒక్కసారిగా ఆపుతుంది.

కానీ తెల్లదొరల ప్రభుత్వం ఇక్కడ కాలిబర్ గురించి ఆలోచించిన తీరు వేరు. 1878 ఆయుధాల చట్టంతో సామాన్యుడి చేతికి తుపాకి రాకుండా లైసెన్సు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో .450 కొలత రైఫిళ్లను దేశంలోకి రానివ్వకుండా నిషేధించింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల కొలత అదే కనుక, ఆ గుళ్లు తిరుగుబాటుదారులకు పనికివస్తాయని భయం. లండను తుపాకి వ్యాపారులు వెంటనే .465, .470, .475 అంటూ పక్క కొలతలు అమ్మారు. .303 కూడా సైన్యానిదే కాబట్టి పౌరుడికి అందలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ పౌరుల కోసం చేసిన .315 రైఫిలు ఆ పద్ధతి బిడ్డే. దుప్పికి ఆ కొలత సరిపోతుంది. అయితే సరిపోవడం కాకతాళీయం. ఎంచినవాళ్ల మనసులో దుప్పి లేదు.

మన హోసూరు, డెంకణికోట వైపు అడవులను లోకానికి చెప్పిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికిందరాబాదు బొల్లారంలో పుట్టి, బెంగుళూరులో బతికి, 1974లో కన్నుమూశాడు. జవళగిరి పులి కథ రాసిన ఆయన చేతి రైఫిలు .405 వించెస్టర్. దాని గుండు బరువు 300 గ్రెయిన్లు. తులానికి 180 గ్రెయిన్లు గనుక, ఒకటిన్నర తులం పైమాటే. ఉత్తరాన జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను చంపింది .275 రిగ్బీతో. దాని గుండు సాధారణంగా 140 గ్రెయిన్లు, తులం కూడా లేదు. లావు గొట్టమే మంచిదన్న నమ్మకానికి ఇదే జవాబు. పెద్ద తుపాకి భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తాపుకు జంకి వేటగాడు కళ్లు మూస్తే గురి తప్పుతుంది. రొమ్ములో దిగిన మధ్యరకం గుండు, పొట్టలో దిగిన పెద్ద గుండుకన్నా దయగలది.

ఈ తెలివిని చట్టంగా రాసినవాళ్లు బ్రిటన్‌లో చాలా ఆలస్యంగా వచ్చారు. ఇంగ్లండు, వేల్సులకు 1963లో వచ్చిన దుప్పుల చట్టం .240 కన్నా సన్నని రైఫిలునూ, గొట్టం మొన దగ్గర 1,700 అడుగు-పౌండ్ల కన్నా తక్కువ శక్తి ఉన్నదాన్నీ నిషేధించింది. 1991 చట్టం ఆ కొలతలనే ఉంచి, గుండు మెత్తని ముక్కుదో బోలు ముక్కుదో అయితీరాలంది. స్కాట్లండు 1985లో పెద్ద దుప్పులకు మూడు షరతులు పెట్టింది: బరువు 100 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2,450 అడుగులు, శక్తి 1,750 అడుగు-పౌండ్లు. మొదటి రెండూ కనీసంగా ఉంటే శక్తి 1,333 మాత్రమే వస్తుంది. అంటే ఏదో ఒకటి కనీసాన్ని దాటాల్సిందే. సీసం లేని రాగి గుళ్లు తేలిక కనుక 2023లో ఆ బరువును 80 గ్రెయిన్లకు దించారు. గమనించండి, ఇందులో గొట్టం వెడల్పు ఊసే లేదు. కావలసింది గుండు చేసే పని.

మన 1972 వన్యప్రాణి చట్టం కూడా మొదట్లో లైసెన్సు వేటను ఉంచింది. పెద్ద జంతువులను రైఫిలుతోనే కొట్టాలనీ, ప్రత్యేక అనుమతి ఉంటే ఒంటి గుండు తూటా వాడవచ్చనీ, రాత్రిపూట వేటాడరాదనీ అంది. చిన్న చిన్న సీసపు గుళ్లు చిమ్మి దుప్పిని సగం చంపే పనికి అది అడ్డుకట్ట. 1991 సవరణతో ఆ సెక్షన్లే పోయాయి, లైసెన్సు వేటా పోయింది. పోవడం మంచిదేనని నా అభిప్రాయం.

అయినా తూటా ప్రశ్న ముగియలేదు. పంట నాశనం చేస్తున్నాయని 2015లో బీహారులో నీల్‌గాయిలను చంపడానికి కేంద్రం ఏడాది పాటు వీలు కల్పించింది. అడవి పందుల మీద ఇలాంటి అనుమతులు పలు రాష్ట్రాల్లో వచ్చాయి. అడవి అంచున సేద్యం చేసే మన రైతు నష్టం అబద్ధం కాదు. పండిన రాగి చేను ఒక్క రాత్రిలో పోతే ఏడాది తిండి పోయినట్టే. కానీ అనుమతి కాగితం మీద ఎవరు కాల్చాలి, ఎన్ని కాల్చాలి అన్నవాటితో పాటు దేనితో కాల్చాలో కూడా ఉండాలి. నాటు తుపాకిలో ఇనప ముక్కలు కూరి పేల్చడానికీ, తగిన రైఫిలుతో ఒక్క దెబ్బకు ముగించడానికీ మధ్య తేడా జంతువుకు తెలుస్తుంది. ఒకనాడు పాలకులు మన భయంతో కాలిబర్ కొలిచారు. చంపక తప్పదని మనమే తేల్చిన రోజున, ఆ ప్రాణి పడే బాధతో కొలవడం మన బాధ్యత.