ఇప్ప, మహువా

బస్తరు దక్షిణపు కొసను, నేటి సుక్మా జిల్లాలోని గొల్లపల్లి ప్రాంతమున, వేసవి తొలిదినములలో వేకువనే రాలిన పూవు నేరుదురు. తెలుగువారికది ఇప్పపూవు, గోండీలో ఇరుప్, హిందీలో మహువా. మొదటి రెండును ఒక్క పదమే. తమిళమున ఇరుప్పై, ఇలుప్పై యనియు, కన్నడమున ఇర్పె, ఇప్పె యనియు నిలిచిన ఆ ద్రావిడపదపు రేఫ తెలుగున పకారములో లీనమైనది. మహువా మాత్రము సంస్కృత మధూకమునుండి పుట్టినది. మధువనగా తేనెయు, మద్యమును. పాలకుల చెవికి రెండవ అర్థమే యెక్కినది కాబోలు! 1892లో బొంబాయి ప్రభుత్వము, సారా కాయుదురను శంకతో, తన యేలుబడిలోని కొన్ని జిల్లాలలో ఈ పూవును దాచుకొనుటనే చట్టముచే కట్టడిచేసెను. చెరకుగానుగ లేని ఊరికి ఇప్పపూవే చక్కెర యని తమిళుల సామెత. బస్తరువారికది చక్కెరకు బదులు కాదు. ఎండబెట్టి దాచి, గింజలు నిండుకొన్న వానకాలమున ఉడికించుకొని తిను తిండి.